పాతబస్తీ కింద పైపు నెట్టే ముందు నేల సంగతి తేల్చండి: కర్నూలు నగరపాలక సంస్థకు బహిరంగ లేఖ

కర్నూలు నగరపాలక సంస్థ కమిషనర్ గారికి,
ప్రజారోగ్య ఇంజినీరింగ్ విభాగం సూపరింటెండింగ్ ఇంజినీరు గారికి,

విషయం: పాతబస్తీలో భూగర్భ డ్రైనేజీ ప్రధాన పైపులను రోడ్డు తెరవకుండా వేసే పని ఎప్పుడు తలపెట్టినా, ఇళ్ల కింది నేలను ముందే గట్టిపరిచే పనిని టెండరులో విడిగా చేర్చడం గురించి.

అయ్యా,

హంద్రీ ఒడ్డు వైపు పాత సందుల్లో ఆరేడు మీటర్ల లోతు కాలువ తవ్వి పెద్ద పైపు దించడం జరిగే పని కాదు. రెండు ఆటోలు ఎదురైతే ఒకటి వెనక్కి తీసుకోవాల్సిన వీధులవి. అంత లోతు గుంత తీస్తే దానికి రెండు పక్కలా ఉన్న గోడలు గుంతలోకే చూస్తాయి. అందుకే ఇవాళ కాకపోతే రేపు, ఒక చివర షాఫ్ట్ (బావిలాంటి లోతైన గుంత) దించి, అక్కడి నుంచి యంత్రంతో తవ్వుకుంటూ జాకీలతో పైపులను వెనక నుంచి నెట్టే పద్ధతికే రావాలి. మైక్రోటన్నెలింగ్ అని ఇంజినీర్లందరికీ తెలిసిన పద్ధతే. దానికి మేం వ్యతిరేకం కాదు. నిజానికి అదే సరైన దారి.

మేం అడిగేది ఒక్కటే. సొరంగం పని వేరు, నేలను గట్టిపరిచే పని వేరు. రెండింటినీ ఒకే మొత్తంలో కలిపి టెండరు పిలవొద్దు. నేల పనికి దాని కొలతలు, దాని పరీక్షలు, దాని బిల్లు ఉండాలి. ఆ పరీక్షలు గట్టెక్కాకే యంత్రాన్ని షాఫ్ట్‌లోకి దించాలి. "దారిలో నేల మెత్తగా తగిలితే కాంట్రాక్టరే తగిన చర్యలు తీసుకోవాలి" అనే ఒక్క వాక్యంతో సరిపెట్టిన టెండర్లు చాలాచోట్ల కనిపిస్తాయి. ఆ వాక్యం ఉన్న చోట చర్యలు ఇళ్లు బీటలు వారాకే మొదలవుతాయి.

ముందు మన నేల గురించి. తుంగభద్ర, హంద్రీ కలిసే చోట కట్టుకున్న ఊరు మనది. నది తెచ్చిపోసిన ఇసుక, ఒండ్రు ఒక చోట, నల్లరేగడి ఒక చోట, దాని కింద శిథిలమైన రాయి ఇంకో చోట. వీటి హద్దులు వీధుల లెక్కన ఉండవు. 2009 అక్టోబరు వరదలో పాత ఊరు మునిగిన తర్వాత ఎత్తు పెంచుకోవడానికి పోసిన మన్ను, శిథిలాలు పైపొరలో అదనం. ఆ పైన పాత ఇళ్లలో పూడ్చేసిన చేదబావులు, ధాన్యం దాచిన పాతర్లు, మూసేసిన మరుగుదొడ్డి గుంతలు. కొండారెడ్డి బురుజు కింద నుంచి గద్వాలకు సొరంగం ఉందన్న కథ ఊళ్లో అందరూ చెప్పుకునేదే. దాని సంగతి ఎలా ఉన్నా, ఈ చిన్న చిన్న గుంతలు మాత్రం కథలు కావు. వాటిని కాగితం మీదికి ఎక్కించకుండా నేలను గట్టిపరచడానికి సిమెంటు పాలు ఎక్కించే గ్రౌటు పంపు నడిపితే ఆ పాలు ఎటు పోతున్నాయో ఎవరికీ తెలియదు.

కాబట్టి మొదటి ఖర్చు బోరు పరీక్షల మీద పెట్టండి. కిలోమీటరుకు నాలుగు బోర్లు చాలవు. పాతబస్తీలో పైపు దారి వెంట 25 నుంచి 30 మీటర్లకొకటి, పైపు అడుగు కన్నా కనీసం 3 మీటర్లు కిందికి వెళ్లాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 2131 ప్రకారం మీటరున్నరకొకసారి సుత్తి దెబ్బలతో నేల గట్టిదనం చూసే ఎస్‌పీటీ, ప్రతి ఇసుక పొరకు జల్లెడ పరీక్ష, ఐఎస్ 5529 ప్రకారం నీరు ఎంత వేగంగా పారుతుందో అక్కడికక్కడే కొలత. ప్రతి మూడో బోరులో పైపు వదిలేసి నీటి మట్టాన్ని ఏడాది పొడవునా చూడాలి. కె.సి. కెనాల్‌కు నీళ్లు వదిలినప్పుడు, తుంగభద్ర నిండుగా ఉన్నప్పుడు, ఎండాకాలంలో వచ్చే అంకెలు మూడూ వేర్వేరు. మే నెలలో వేసిన ఒక్క బోరులో నీరు తగల్లేదని "నీటి సమస్య లేదు" అని రాసే నివేదిక చెత్తబుట్టకు తప్ప దేనికీ పనికిరాదు.

ఇక ఆ నేల మీద ఏమున్నాయో చూద్దాం. కాంక్రీటు ఫ్రేము ఇల్లు పది మిల్లీమీటర్లు కుంగినా చాలాసార్లు తట్టుకుంటుంది. మట్టి మిద్దె తట్టుకోదు. రాతిగోడకు లోపలొక వరస, బయటొక వరస రాళ్లు, మధ్యలో చిల్లరరాయి, అడుసు. పునాది రెండు మూడు అడుగులు. పైన దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలు (సన్న కర్రలు), వాటి మీద చవుడు మన్ను. కురిసిన ప్రతి ఏడూ మళ్లీ కాస్త మన్ను పోస్తారు కాబట్టి కప్పు మందం పెరుగుతూ వస్తుంది. అడుగు మందం మన్ను చదరపు మీటరుకు అర టన్ను బరువు. ఇంత బరువునూ మోసే దంతె గోడలో ఆనేది కొన్ని అంగుళాలే, ఆ కొస కూడా చాలాచోట్ల చెద పట్టి ఉంటుంది. గోడ బయటికి ఒక అంగుళం వాలిందంటే, గోడ నిలబడే ఉన్నా దంతె జారవచ్చు. పగులు చూసి ప్రమాదాన్ని అంచనా వేసే అలవాటు ఇక్కడ పనిచేయదు. ఈ ఇళ్లలో దంతె కొసల్ని టార్చి వేసి చూడాలి.

ఎంత వాలుతుందన్నది లెక్క కట్టవచ్చు. 1.8 మీటర్ల బయటి వ్యాసమున్న పైపు, దాని మధ్యగీత రోడ్డుకు 7 మీటర్ల కింద, ఇసుక నేలలో పోతోందనుకోండి. మీటరు పొడవుకు పైపు ఆక్రమించే చోటు 2.54 ఘనపు మీటర్లు. యంత్రం అంతకన్నా ఒక్క శాతం మన్ను ఎక్కువ లాగిందంటే మీటరుకు 25 లీటర్ల లోటు. 1969లో రాల్ఫ్ పెక్ ప్రతిపాదించినప్పటి నుంచి వాడుకలో ఉన్న గంట ఆకారపు గీతతో లెక్కిస్తే, పైపు నెత్తిన భూమి 5 మి.మీ. కుంగుతుంది, ఆ పల్లం అటూ ఇటూ ఆరేసి మీటర్లు పరుచుకుంటుంది. వాలు 720 లో 1. దీన్ని చాలా ఇళ్లు భరిస్తాయి. అదే లోటు 5 శాతమైతే కుంగుబాటు 24 మి.మీ., వాలు 145 లో 1. నాలుగు మీటర్ల ఎత్తు గోడ పైకొసన 28 మి.మీ. పక్కకు పోతుంది. పైన చెప్పిన దంతె కథ ఇక్కడే మొదలవుతుంది. 10 మి.మీ. కుంగుబాటు, 500 లో 1 వాలు దాటకుండా ఉంటే నష్టం నామమాత్రమని ప్రపంచమంతా వాడే లెక్క. మట్టి మిద్దెలకు అందులో సగమే హద్దుగా పెట్టుకోవడం మంచిది.

5 శాతమనేది ఎక్కడో జరిగే ఘోరమనుకోకండి. యంత్రం ముందుండే కట్టర్, పైపు కన్నా కాస్త పెద్ద రంధ్రం తీస్తుంది. లేకపోతే పైపు బిగుసుకుపోతుంది. చుట్టూ 20 మి.మీ. ఖాళీ వదిలినా, ఆ ఖాళీ మీటరుకు 114 లీటర్లు. పైపు పరిమాణంలో నాలుగున్నర శాతం! ఆ ఖాళీని నెట్టినంతసేపూ బెంటొనైట్ (నీటిలో ఉబ్బే మెత్తని బంకమట్టి) ద్రవం ఒత్తిడితో నిలబెడుతుంది. ద్రవం ఇసుకలోకి ఇంకిపోయినా, రాత్రి పంపు ఆపేసినా, ఇసుక జారి పైపు మీద కూర్చుంటుంది. పైపు అవతలి షాఫ్ట్ చేరాక బెంటొనైట్‌ను బయటికి తోసి సిమెంటు, ఫ్లైయాష్ కలిపిన పాలు నింపాలి. ముద్దనూరు ఆర్టీపీపీ థర్మల్ విద్యుత్ కేంద్రం బూడిద దీనికి చక్కగా సరిపోతుంది. నూరు మీటర్లకు కనీసం 11.4 ఘనపు మీటర్లు పట్టాలి. రికార్డులో మూడు ఘనపు మీటర్లే కనిపిస్తే మిగతా ఎనిమిదీ ఇసుకే నింపిందని అర్థం, అంటే ఆ మేరకు పైన భూమి దిగినట్టే. ఈ ఒక్క అంకెను సరిచూసే ఇంజినీరు ఉంటే సగం ఇళ్లు బతుకుతాయి.

నీళ్లతో కలిసి ఇసుక రావడం మొదలైతే ఈ శాతాల లెక్కలకూ అర్థం ఉండదు. గోనెసంచికి చిల్లు పడ్డట్టే, ఆగేదాకా ఆగదు. కోల్‌కతా బౌబజార్‌లో 2019 ఆగస్టు 31న మెట్రో యంత్రం నీటిపొరను తాకినప్పుడు ఇదే జరిగింది. ఇసుక, నీరు సొరంగంలోకి దూసుకొచ్చాయి. పైన పాత ఇళ్లు కూలాయి, వందల మంది రాత్రికి రాత్రి ఇళ్లు వదిలారు. 2022లో మే నెలలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి అదే చోట మళ్లీ ఇళ్లు బీటలు వారాయి. యంత్రం పెద్దదే, కంపెనీలు పెద్దవే. అక్కడ దెబ్బతిన్నదీ మన పాతబస్తీ లాంటి, సున్నం గోడల పాత పేటే. జర్మనీలో కొలోన్ నగరంలో 2009 మార్చి 3న మెట్రో గుంత గోడ సందులోంచి ఇసుక జారి, నగర చారిత్రక పత్రాలయం భవనమే కూలిపోయింది, పక్క ఇంట్లోని ఇద్దరు చనిపోయారు. రెండు చోట్లా ఇళ్లను కూల్చింది నీళ్లతో కదిలిన ఇసుకే.

అందుకే మొదటి మందు గ్రౌటు కాదు, దారి మార్చడం. రోడ్డుకు ఒక పక్కగా గీసిన పైపును మధ్యకు జరపగలిగితే, లేదా రెండు మీటర్లు కిందికి దించితే గట్టి పొర దొరుకుతుందనుకుంటే, అది బస్తాల సిమెంటు కన్నా చౌక. అది కుదరని చోట మాత్రమే నేలను బాగుచేయాలి. ఎలా బాగుచేయాలన్నది మట్టే చెబుతుంది.

శుభ్రమైన ఇసుకలో సిమెంటు పాలు రేణువుల మధ్య ఖాళీల్లోకి ఇంకాలి, ఇసుక కదలకూడదు. మామూలు సిమెంటు రేణువు లావు. నీరు సెకనుకు సుమారు అర మిల్లీమీటరు కన్నా వేగంగా పారే గరుకు ఇసుకలోనే అది దూరుతుంది. హంద్రీ సన్న ఇసుకలో మామూలు సిమెంటు పోస్తే బోరు గోడ దగ్గరే వడగట్టినట్టు ఆగిపోతుంది, పంపు ఒత్తిడి పెరుగుతుంది, పనివాడు ఇంకా పెంచుతాడు, ఎక్కడో చీల్చుకుని పక్కింటి గచ్చు లేస్తుంది. సన్న ఇసుకకు మరీ మెత్తగా నూరిన మైక్రోఫైన్ సిమెంటు కావాలి. ఇంకా సన్నదైతే సోడియం సిలికేట్. ఒక చిన్న సూత్రం: మట్టిలో 15 శాతం ఏ పరిమాణం కన్నా సన్నగా ఉందో ఆ కొలతను, సిమెంటులో 85 శాతం ఏ పరిమాణం కన్నా సన్నగా ఉందో ఆ కొలతతో భాగించండి. 24 దాటితే పాలు దూరతాయి. 11 లోపయితే దూరవు, ఎవరెన్ని చెప్పినా దూరవు. జల్లెడ పరీక్ష కాగితం, సిమెంటు కంపెనీ ఇచ్చే కాగితం పక్కపక్కన పెట్టుకుంటే ఐదు నిమిషాల లెక్క.

పద్ధతి కూడా టెండరులోనే రాయండి. బోరులో నేరుగా హోసు పెట్టి పోయడం కాదు. మాంచెట్ పైపు దించాలి: 40 నుంచి 50 మి.మీ. ప్లాస్టిక్ పైపు, మీటరుకు మూడు చొప్పున రంధ్రాలు, ఒక్కో రంధ్రం మీద రబ్బరు తొడుగు. పైపు చుట్టూ బెంటొనైట్ ఎక్కువ, సిమెంటు తక్కువ కలిపిన బలహీనమైన పూత పోసి ఆరనివ్వాలి. తర్వాత పైపు లోపలికి జంట ప్యాకర్ (తొడుగుకు పైనా కిందా పైపును మూసే బిరడాలు) దించి ఒక్కో తొడుగు దగ్గర విడిగా పంపు చేయాలి. దీని గొప్పతనం ఏమిటంటే, ఏ లోతులో ఎన్ని లీటర్లు పోయాయో తెలుస్తుంది, చాలకపోతే అదే తొడుగు దగ్గరికి మళ్లీ రావచ్చు. హోసు పద్ధతిలో ఈ రెండూ ఉండవు.

కొలతలు ఇలా వస్తాయి. ఇరవై మీటర్ల పొడవున ఇళ్ల వరసను కాపాడాలంటే, పైపుకు అటూ ఇటూ మీటరున్నర, పైన మీటరున్నర, కింద 70 సెంటీమీటర్లు కలిపి 4.8 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తు దిమ్మ అవుతుంది. 384 ఘనపు మీటర్ల ఇసుక. అందులో ఖాళీ 35 శాతం, ఆ ఖాళీలో దాదాపు ఐదారో వంతులు నింపగలిగితే 115 ఘనపు మీటర్ల పాలు. బరువు లెక్కన నీరు రెండు పాళ్లు, సిమెంటు ఒక పాలు కలిపితే సుమారు 49 టన్నుల మైక్రోఫైన్ సిమెంటు, 50 కిలోల లెక్కన 980 బస్తాలు. బోర్లు 1.2 మీటర్ల ఎడంతో 67. ఒక్కో తొడుగు దగ్గర 140 లీటర్లు, నిమిషానికి 7 లీటర్ల చొప్పున ఇరవై నిమిషాలు. నాలుగు పంపులు రోజుకు ఎనిమిది గంటలు నడిస్తే పంపింగే ఎనిమిది తొమ్మిది రోజులు. "నాలుగు బోర్లు వేసి యాభై బస్తాలు కొడతాం, రెండు రోజుల్లో అయిపోతుంది" అని ఎవరైనా అంటే, ఈ లెక్క వాళ్ల ముందు పెట్టండి.

ఒత్తిడి విషయంలో పట్టు వదలొద్దు. తొడుగు దగ్గర మీటరు లోతుకు 0.2 బార్ (ఒక బార్ అంటే దాదాపు పది మీటర్ల నీటి ఒత్తిడి) చొప్పున, అంటే ఏడు మీటర్ల దగ్గర 1.4 బార్ దాటకూడదు. తొడుగును తొలిసారి పగలగొట్టే క్షణానికి మాత్రమే ఎక్కువ పెట్టవచ్చు. ముందు బయటి వరసలు, తర్వాత లోపలివి; ఒకటి విడిచి ఒకటి. పంపు ఆపడానికి మూడు కారణాల్లో ఏది ముందు వస్తే అదే: అనుకున్న లీటర్లు పూర్తవడం, ఒత్తిడి హద్దుకు చేరడం, పైనున్న గోడ 2 మి.మీ. లేవడం. లేచిన గోడ మళ్లీ కూర్చుంటుందిలే అనుకోవడం మట్టి మిద్దెతో పనికిరాదు, అది పాత రూపంలో కూర్చోదు. సందు మూడు మీటర్లే ఉన్న చోట అంచు బోర్లు వాలుగా వేయాల్సి వస్తుంది. రెండు డిగ్రీలు తప్పితే ఏడు మీటర్ల లోతులో 25 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. ప్రతి వాలు బోరునూ కొలిచి, తప్పిన చోట అదనపు బోరు వేయించండి. పంపు నడుస్తున్నంతసేపూ ఒక మనిషి పక్క ఇళ్ల బోర్లు, మురుగు కాలువలు, సంపులు చూస్తూ తిరగాలి. సిమెంటు పాలు ఎవరి బోరులోకైనా దిగితే మోటారు అందులోనే సమాధి అవుతుంది. ఆ మోటారు డబ్బు ఎవరు కట్టాలో కూడా ముందే రాసి ఉంచండి.

ఒండ్రు, సిల్టు కలిసిన నేలలో ఏ పాలూ సరిగ్గా దూరవు. అక్కడ జెట్ గ్రౌటింగ్ ఒకటే దారి. 400 బార్లు, ఆపైన ఒత్తిడితో సిమెంటు ధార మట్టిని కోసి, దానితోనే కలిసి స్తంభమవుతుంది. బలమైన పద్ధతే, ఇళ్ల పక్కన అంతే ప్రమాదకరం. రెండు విషయాలు చాలు. ధార కోసిన మట్టిలో కొంత బురదగా బోరు వెంట పైకి రావాలి. ఆ బురద ఆగిందంటే ఒత్తిడి కింద చేరుతోంది, నిమిషాల్లో గచ్చు ఉబ్బుతుంది. బురద ఆగగానే పంపు ఆపాలి. రెండోది, గట్టిపడేదాకా ఆ స్తంభం ద్రవమే. గోడ పునాది కింద పక్కపక్కన రెండు స్తంభాలు ఒకే రోజు పోస్తే ఆ గోడ ఆ రాత్రికి ద్రవం మీద ఉన్నట్టు. ఒకటి విడిచి ఒకటి, మధ్యలో కనీసం ఒక పూర్తి రోజు. ఇంకోటి, గట్టిదనం ఎక్కువైనా నష్టమే. దారి పొడవునా రాయిలా గట్టిపడిన ముద్దలు, వాటి మధ్య వదులు ఇసుక ఉంటే యంత్రం మెత్తనివైపు తిరిగిపోతుంది. చదరపు సెంటీమీటరుకు 10 నుంచి 20 కిలోల బలం ఒకే తీరుగా ఉంటే చాలు.

నల్లరేగడిలో గ్రౌటింగ్ చేయించకండి. అందులోకి సిమెంటు పాలు ఇంకవు. చీలికలు చేసుకుంటూ పలుచని రేకుల్లా పోయి, ఎటు పోయిందో తెలియకుండా ఎక్కడో పైకి తేలుతాయి. రేగడి తడిస్తే ఉబ్బుతుంది కూడా. రేగడిలో యంత్రం ముఖం ముందున్న మట్టి మామూలుగా జారకుండా నిలబడుతుంది కాబట్టి, అక్కడ డబ్బును యంత్రం ఒత్తిడి అదుపు మీద, ఇళ్లకు సర్వి బాదుల ఆసరా మీద పెట్టండి.

లండన్‌లో జూబ్లీ మెట్రో లైను పొడిగించేటప్పుడు, బిగ్ బెన్ గోపురం వాలకుండా దాని కింది బంకమట్టిలో గ్రౌటు ఎక్కిస్తూ ఎప్పటికప్పుడు సరిచేశారు. అలాంటిది మనకూ చేస్తామని ఎవరైనా రంగుల బొమ్మలతో వస్తే మర్యాదగా వద్దనండి. దానికి సొరంగానికీ పునాదికీ మధ్య మందపాటి నేల కావాలి. మన పైపు నెత్తికీ మిద్దె పునాదికీ మధ్య ఉండేది ఐదు మీటర్లే. భూమిని గడ్డకట్టించే పద్ధతి ఖర్చు సంగతి సరే, నది పక్కన భూగర్భ జలం కదులుతూ ఉంటే గడ్డే కట్టదు.

వీటన్నిటికన్నా చౌకగా కనిపించేది, అన్నిటికన్నా ఎక్కువ ఇళ్లను పాడుచేసేది మోటార్లు పెట్టి నీళ్లు తోడెయ్యడం. నీటి మట్టం ఒక మీటరు తగ్గితే కింది మట్టి మీద చదరపు మీటరుకు ఒక టన్ను బరువు అదనంగా పడుతుంది. సొరంగం వల్ల కుంగేది పన్నెండు మీటర్ల పట్టీ అయితే, నీళ్లు తోడడం వల్ల వీధంతా కుంగవచ్చు. ఒండ్రు నేలల్లో అది నెలల తర్వాత బయటపడుతుంది. అప్పటికి కాంట్రాక్టరు బిల్లు తీసుకుని వెళ్లిపోయి ఉంటాడు. షాఫ్ట్‌లో తప్పనిసరిగా తోడాల్సి వస్తే, రోజుకు రెండుసార్లు ఆ నీళ్లను గాజు సీసాలో పట్టి అరగంట కదపకుండా ఉంచండి. అడుగున ఇసుక పేరుకుంటే మీరు తోడుతున్నది నీళ్లు కాదు, ఎవరి పునాదో.

ప్రమాదం ఎక్కువగా జరిగే చోటు దారి మధ్య కాదు, రెండు చివర్లు. యంత్రం షాఫ్ట్ గోడను పగలగొట్టుకుని నేలలోకి దూరే క్షణం, అవతల బయటికి వచ్చే క్షణం. ఆ నిమిషాల్లో యంత్రం ముఖం మీద ఒత్తిడి ఉండదు, గోడకు రంధ్రం ఉంటుంది, వెనక నీళ్లు ఉంటాయి. అందుకే రెండు షాఫ్టుల దగ్గరా గట్టిపరిచిన దిమ్మ తప్పనిసరి. ఎంత పొడవు? యంత్రం మొత్తం పొడవు, దానిపైన కనీసం ఒక మీటరు. యంత్రం వెనక భాగం షాఫ్ట్ గోడకు బిగించిన రబ్బరు సీలు దాటేదాకా ముఖం దిమ్మలోనే ఉండాలి. చాలాచోట్ల మీటరున్నర దిమ్మతో సరిపెడతారు, ముఖం దిమ్మ దాటే సరికి తోక ఇంకా షాఫ్ట్‌లోనే ఉంటుంది, నీటికి దారి దొరుకుతుంది. గోడ పగలగొట్టే ముందు దానిలో చుట్టూ, మధ్యలో కలిపి కనీసం తొమ్మిది చిన్న రంధ్రాలు వేసి చూడాలి. వాల్వు ఉన్న పైపుతో వేస్తే మూసేసుకోవచ్చు. ఒక్క రంధ్రంలోంచైనా ఇసుకతో కూడిన నీరు వస్తే మళ్లీ గ్రౌటింగే, పగలగొట్టడం లేదు. ఈ నిర్ణయం సైటు ఇంజినీరు చేతిలో ఉండాలి, పై నుంచి ఫోను రావాల్సిన పని ఉండకూడదు.

దారిలో ఉన్నప్పుడు ముఖం ఒత్తిడిని రోజూ ఉదయం, పైపు వదిలిన బోరులో నీటి మట్టం చూసి నిర్ణయించాలి. పైపు మధ్యగీతకు నీరు నాలుగు మీటర్ల పైన ఉంటే 0.4 బార్, దానికి 0.2 కలిపి 0.6. కెనాల్‌కు నీళ్లు వదిలిన మర్నాడు అదే అంకెతో నడిపితే తప్పు. 2.5 మీటర్ల పైపు ఒకటి లోపలికి వెళ్లేసరికి 6.6 ఘనపు మీటర్ల నేల బయటికి రావాలి. జల్లెడ దగ్గర కొలిచిన లెక్క అంతకన్నా పదో వంతు ఎక్కువైతే యంత్రం ఆపి కారణం కనుక్కోవాలి. సాధ్యమైతే ఈ పని జనవరి నుంచి మే లోపు ముగించండి.

ఇళ్ల మీద నిఘా గురించి ఒక మాట, మన ప్రాంతానికే ప్రత్యేకమైంది. రేగడి మీది ఇల్లు ఏ సొరంగం లేకపోయినా ఎండాకాలం దిగి వానాకాలం లేస్తుంది. మన దగ్గర ఆ కదలిక మూడున్నర మీటర్ల లోతు దాకా ఉంటుందనే లెక్కతోనే అండర్‌రీమ్డ్ పైళ్లను (అడుగున ఉబ్బెత్తుగా పోసే పునాది స్తంభాలను) అంత లోతుకు దించుతారు. పని మొదలయ్యే వారం ముందు కొలతలు తీసి, తర్వాత గోడ 6 మి.మీ. కదిలితే, ఇంటాయన సొరంగం అంటాడు, కాంట్రాక్టరు రేగడి అంటాడు, ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం ముందే కొలతలుంటేనే ఈ తగవు తీరుతుంది. కాబట్టి టెండరు పిలిచే ఏడాది ముందే గోడలకు స్టీలు బోల్టులు బిగించి లెవెలింగ్ మొదలుపెట్టండి. ఖర్చు చాలా తక్కువ. కొలతలకు ఆధారంగా పెట్టుకునే గురుతు కింది రాయి దాకా దిగి, కుంగే పల్లానికి దూరంగా ఉండాలి. రేగడిలో పాతిన గురుతు తనే కదులుతుంది.

పాత పగుళ్ల మీద గాజు ముక్క అతికించి తేదీ రాయడం పాత పద్ధతే, ఇప్పటికీ మంచిదే. పగిలితే కదిలినట్టు. ఎంత కదిలిందో తెలియాలంటే పక్కన 0.1 మి.మీ. గీతలున్న గేజీ పెట్టాలి. యంత్రం ఇరవై మీటర్ల దూరంలోకి వచ్చినప్పటి నుంచి ఇరవై మీటర్లు దాటేదాకా నాలుగు గంటలకొకసారి కొలత, తర్వాత రెండు వారాలు రోజూ, ఆపైన మూడు నెలలు వారానికొకసారి. మిద్దెలకు 3 మి.మీ. దగ్గర హెచ్చరిక, 5 దగ్గర ఆపు. కాంక్రీటు ఇళ్లకు 5, 10. దారిలో రక్షిత కట్టడం ఉంటే, దాని చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం అన్న చట్టాన్ని కూడా అలైన్‌మెంట్ గీసేటప్పుడే చూడాలి, అనుమతి కోసం పని మధ్యలో యంత్రాన్ని భూమిలో ఆపుకోకూడదు. ఆగిన యంత్రం చుట్టూ ఇసుక బిగుస్తుంది.

డబ్బు సంగతి. గ్రౌటింగ్‌ను బస్తాల లెక్కన ఒక్కటే ఐటెంగా పెడితే, పాలు తేలిగ్గా పోయే చోటే బస్తాలన్నీ పోతాయి, అంటే పాత బావిలోకో మురుగు కాలువలోకో. బోర్ల లెక్కన పెడితే బోర్లు పడతాయి, సిమెంటు పడదు. బోరు మీటర్లు, మాంచెట్ పైపు మీటర్లు, సిమెంటు టన్నులు, పంపింగ్ గంటలు నాలుగూ వేర్వేరు ఐటెములుగా రాయండి. ప్రతి తొడుగుకూ లీటర్లు, ఒత్తిడి నమోదైన షీటు లేనిదే కొలత పుస్తకంలో ఎక్కించొద్దు. బిల్లులో మూడో వంతు, పరీక్ష బోర్లలో నేల గట్టిపడిందని తేలాకే ఇవ్వండి. పరీక్ష అంటే మళ్లీ నీటి పారుదల కొలత, గ్రౌటుకు ముందు వెనక పోలిక, తీసిన కోర్ ముక్కలు. అన్నిటికన్నా ముందు, ఇళ్లు లేని హంద్రీ ఒడ్డున అదే ఇసుకలో ఒక చిన్న దిమ్మ వేయించి, తవ్వి చూడండి. తవ్వి చూసిన దిమ్మ వంద నివేదికల పెట్టు.

ఇంటివాళ్లకు చెప్పాల్సింది ముందే చెప్పండి, తెలుగులోనూ ఉర్దూలోనూ. ఇంటి ఫొటోలు, పగుళ్ల జాబితా రెండు ప్రతులు, ఒకటి సంతకంతో వాళ్లకే. అద్దెకున్నవాళ్లనూ లెక్కలో వేసుకోండి, రాత్రి పడుకునేది వాళ్లే. బలహీనమైన మిద్దెలవాళ్లను యంత్రం కింద నుంచి వెళ్లే మూడు నాలుగు రోజులు వేరే చోట ఉంచే ఖర్చు అంచనాలోనే పెట్టండి. కల్యాణ మండపంలో చాపలేసి పంపడం కాదు, వంట చేసుకునే వసతి ఉండాలి.

టెండరు ముసాయిదా తయారైనప్పుడు నేల భాగాన్ని, బోరు లాగులతో (ఏ లోతులో ఏ మట్టి తగిలిందో రాసిన పట్టీలతో) సహా, నగరపాలక సంస్థ కార్యాలయంలో పదిహేను రోజులు చూడటానికి పెట్టండి. మేం వచ్చి చదివి, లెక్కలు సరిచూసి, రాతపూర్వకంగా మా అభ్యంతరాలు ఇస్తాం. ఫీజు అక్కర్లేదు.

ఇట్లు,
కర్నూలులోని కొందరు సివిల్ ఇంజినీర్లు, మట్టి పరీక్షల పనిలో ఉన్నవారు